సగం దూరం గేరు రాడ్

ఈ రోజు నా పాత హెరాల్డ్ కారుకు పొట్టి గేరు రాడ్ వేయించాను. చెయ్యి సగం దూరం కదిపితే చాలు, గేరు పడుతుందట. ఉస్మాన్‌గంజ్ మెకానిక్ యూసుఫ్ భాయ్ పొద్దుటి నుంచి కుస్తీ పట్టినా అది లోపల కూర్చోలేదు. చివరికి పానా కింద పడేశాడు.

"ఏడ దొరికిందన్నా ఇది?"

"పాత ఇనుము దుకాణంల కొన్న భాయ్. టక్కరైన బండిదట. డ్రైవర్ బతకలేదట."

"గా మాట ముందుగాల చెప్పొద్దా? గిట్ల జబర్దస్తీ చేస్తే వస్తదా?"

రాడ్‌ను డ్రైవర్ సీటులో పడుకోబెట్టి, తలకు రుమాలు కట్టుకొని, "భాయీజాన్, మీ బండి మారింది, రండి" అన్నాడు మెల్లగా. పోయినవాళ్ల సామాను బిగించేముందు ఆయన షెడ్డులో ఇదే పద్ధతట. నేను నవ్వాను. ఈసారి రాడ్ ఒక్క దెబ్బకు కూర్చుంది.

కిషన్‌బాగ్‌లోని మా ఇంటికి వస్తుంటే పురానాపూల్ దగ్గర ఎద్దుల బండి అడ్డం వచ్చింది. భయంతో రెండు చేతులా స్టీరింగ్ పట్టుకున్నాను. క్లచ్ తొక్కనే లేదు. గేరు మూడు నుంచి రెండుకు దానంతటదే దిగింది, చప్పుడైనా లేకుండా. కారు నెమ్మదించి ఎద్దుల ముందు ఆగింది.

నేను కదపాల్సింది సగమే అన్నారు గాని, మిగతా సగం ఎవరు కదుపుతారో చెప్పలేదు. రేపు నాతో కారులో ఎవరైనా వస్తారా? వెనక సీట్లో కూర్చోండి. ముందు ఖాళీ ఉందో లేదో నాకు తెలియదు.