గుమ్మంలో మిగిలిన తొమ్మిది జతలు

అమలాపురంలో సహాయ కార్మిక అధికారిగా నేను చేరింది రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో. శాఖలో మాది కిందిమెట్టు ఉద్యోగమే. అయినా చట్టం దృష్టిలో మేం ఇన్‌స్పెక్టర్లం. కార్మికులు పనిచేసే చోట ఏ తలుపైనా తెరిపించి చూడవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చేరిన వారానికే కార్మిక మంత్రిగారి పర్యటన. ఆయన ఐనవిల్లి వైపు కొబ్బరి దింపు కార్మికుల సంఘంతో మొదలుపెట్టి, రెండుసార్లు ఓడి, మూడోసారి గెలిచి మంత్రి అయినవారు. అల్లవరం దగ్గర రొయ్యల షెడ్డులో ఆడవాళ్లకు గుర్తింపు కార్డులు పంచాలి. షెడ్డు యజమాని సత్తిబాబుగారే ఆయన ఎన్నికలన్నీ దగ్గరుండి నడిపించింది.

ముందుగా వెళ్లి హాజరు రిజిస్టరు సరిచూడడం నా పని. ముప్పై ఒక్క పేర్లు, ఎదుట ముప్పై ఒక్క మంది. రొయ్య ఒలిచే హాల్లోకి చెప్పులతో వెళ్లనివ్వరు, గుమ్మంలో విడిచి రబ్బరు బూట్లు తొడుక్కోవాలి. బయటికి వస్తూ ఆ చెప్పులు చూశాను. ఎందుకో ఎక్కువనిపించి లెక్కపెట్టాను. నలభై జతలు. మళ్లీ లెక్కపెట్టాను.

రిజిస్టరులో లేనివాళ్లను తనిఖీనాడు యజమానులు దాచడం మేం ఎరిగిందే. ఎక్కడ దాచారన్నదే భయం. వెనక వైపు చిల్ రూమ్, అంటే ఒలిచిన రొయ్యను చల్లగా ఉంచే గది, బయట గడియ వేసి ఉంది. ముందు సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. లోపలేముందని అడిగాను.

"ఆయ్, సరుకేనండి," అన్నాడు నా మొహం చూడకుండా.

లోపల ఎవరో తట్టినట్టు వినిపించింది. తెరవమనడానికి నాకు నోరు రాలేదు. అప్పటికే మంత్రిగారి కార్లు వచ్చేశాయి. సత్తిబాబుగారిని ఆయన ఎదుటే రచ్చకీడిస్తే నన్ను ఏ మూలకు బదిలీ చేస్తారోనని బెదిరాను. తడిబట్టలతో ఆ చలిలో మనిషి ఎంతసేపు ఉండగలదో తెలిసి కూడా, హాలు ముందు ఏర్పాటు చేసిన సభ దగ్గరికి వచ్చేశాను. దండలకే పావుగంట పట్టింది. చివరికి ఒక చీటీ రాసి పీఏ చేతికిచ్చాను: గుమ్మంలో తొమ్మిది జతల చెప్పులు ఎక్కువ ఉన్నాయి.

మంత్రిగారు చదివి జేబులో పెట్టుకుని ప్రసంగం సాగించారు. నా పని అయిపోయిందనుకున్నాను. రెండు నిమిషాలకు మైకు పక్కన పెట్టి, "అమ్మా, లేవండి. బూట్లిప్పేసి ఎవరి చెప్పులు ఆళ్లేసుకోండి," అన్నారు.

అందరూ వేసుకున్నారు. తొమ్మిది జతలు మిగిలాయి.

"ఇయ్యెవరియి, సత్తిబాబూ?"

నేను చిల్ రూమ్ వైపు చెయ్యి చూపించాను. మంత్రిగారే వెళ్లి గడియ తీశారు. ఎనిమిది మంది వణుకుతూ నడిచి వచ్చారు. నూకరత్నం అనే ఆమెను మాత్రం మోసుకురావలసి వచ్చింది.

కేసు పెట్టాం. సత్తిబాబుగారు ఎదుటి పార్టీలో చేరారు, మంత్రిగారు ఆపై వచ్చిన ఎన్నికల్లో ఓడిపోయారు. తర్వాత ఒక పెళ్లిలో కనిపించి, "ఆ చెప్పులు నా కొంప ముంచేసాయండి," అని నవ్వి, ఆ తొమ్మిది మందికీ కార్డులొచ్చాయా అని అడిగారు. వచ్చాయన్నాను.

ఆయన ధైర్యంతోపాటు నా చీటీని కూడా మెచ్చుకునేవాళ్లున్నారు. వాంగ్మూలం రాసుకోవడానికి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నూకరత్నం చెప్పింది వాళ్లకు తెలియదు.

"తలుపవతల మీ గొంతు ఇన్నామండి. ఆపీసరుగారొచ్చేరు, ఇంక తీసేత్తారనుకున్నాం. తరవాత మీరెళ్లిపోయిన చప్పుడు ఇనపడిందండి."

ఆ గడియ తీయించే అధికారం మంత్రిగారి కంటే ముందు నాకే ఉంది. దాన్ని వాడకుండా చీటీ రాశాను. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, మూసిన గది ముందు లోపలేముందని ఎవరినీ అడగలేదు. తీయమన్నాను.