నా ఒళ్ళు రాములవారి సొమ్ము

ఆ రోజుల్లో మా బందరులో పిల్లవాడి ఆరోగ్యాన్ని డాక్టరు గారు తేల్చేవారు కాదు, పక్కింటి పిన్ని గారు తేల్చేవారు. అందుకు ఆవిడకి పరికరాలేమీ అక్కర్లేదు. రెండు వేళ్ళతో బుగ్గ పట్టుకుని లాగి చూసేవారు. వేళ్ళ నిండా వస్తే "పిల్లాడు బాగున్నాడు వదినా" అనేవారు. రాకపోతే ఆ తల్లి వైపు జాలిగా చూసేవారు. నాకు ఊహ తెలిశాక ఆ పరీక్షలో నేనెప్పుడూ తప్పలేదు. (ఇప్పుడు మా అమ్మాయి బడిలో పిల్లల బరువు చూసి, ఎక్కువుంటే తల్లిదండ్రుల్ని పిలిపించి మాట్లాడుతున్నారు. అప్పట్లో అలా పిలిపించి ఉంటే మా అమ్మ పట్టుచీర కట్టుకుని సన్మానానికి వెళ్ళినట్టు వెళ్ళేది.) బడిలో నా పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ నేను పూర్ణం. గుండ్రంగా, మెత్తగా, లోపలంతా తీపితో ఉంటానని ఆ పేరు పెట్టారు. పెట్టినవాడి మీద నాకు కోపమేమీ లేదు, ఉన్న మాటే అన్నాడు.

అసలు నా ఒంటి కథ నా రెండో ఏట మొదలైందట. అప్పుడు విరేచనాలు పట్టుకుని నేను ఎముకల పోగులా తయారయ్యానని మా అమ్మ చెబుతుంది. దివిసీమలో ఉన్న మా అమ్మమ్మ ఆ కబురు విని, వాళ్ళ ఊరి రామాలయంలోకి తడిబట్టలతో వెళ్ళి, "రామయ్యా, వీడు గనక ఒళ్ళు చేశాడంటే వీడి బరువుకి బెల్లం తులాభారం తూయిస్తాను" అని మొక్కుకుంది. రామయ్య విన్నాడు. వినడమే కాదు, కాస్త ఎక్కువగానే విన్నాడు. నాలుగో ఏటికల్లా నేను పిన్ని గారి వేళ్ళకి నిండుగా దొరికే స్థితికి వచ్చేశాను. అప్పుడే మొక్కు తీర్చేస్తే పోయేది. కానీ అమ్మమ్మది పెద్ద చెయ్యి. "ఇప్పుడే ఏం తూస్తాం? ఇంకాస్త ఒళ్ళు చెయ్యనీ. దేవుడి దగ్గర పిసినారితనం చూపిస్తామా?" అని ఏటా శ్రీరామనవమికి వాయిదా వేస్తూ వచ్చింది. మధ్యలో ఎవరైనా సరదాకి నన్ను తూస్తానంటే ఒప్పుకునేది కాదు. పిల్లల్ని తూస్తే దిష్టి తగులుతుందట. అందువల్ల నా బరువెంతో రాములవారికి తప్ప మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇక ఆ ఒంటిని పెంచడానికి ఎవరూ ప్రత్యేకంగా కష్టపడలేదు, కాలం కలిసి వచ్చింది. మా ముందు తరం వాళ్ళకి అరిసెలు, సున్నుండలు పండగలకి ఉండేవి, మిగతా రోజుల్లో గోంగూర, మజ్జిగ. మా దాకా వచ్చేసరికి పాతవి పోలేదు, కొత్తవి వచ్చి చేరాయి. పొద్దున్నే పాలలో చాక్లెట్ పొడి. అది తియ్యగానే ఉంటుంది, అయినా "డబ్బాలో పొడికి ఏం తీపుంటుందే" అని, ఏడాదిలో సగం రోజులు మా ఇంట్లోనే ఉండే అమ్మమ్మ పైన రెండు చెంచాల పంచదార వేసేది. బ్రెడ్డు మీద జాము. బడి సంచిలో క్రీమ్ బిస్కెట్లు. (ముందు బిస్కెట్ విడదీసి క్రీము నాకి, తర్వాత రెండు చెక్కలూ తినేవాణ్ణి. ఒక పద్ధతి ఉండేది నాకు.) సాయంత్రం బేకరీలో క్రీమ్ బన్ను, దాని మీదకి కూల్ డ్రింకు. ఇవి కాక, ఇంటికి చుట్టాలొస్తే వాళ్ళ చేతిలో బందరు లడ్డూ పొట్లం ఎలాగూ ఉంటుంది. దాహం వేస్తే మంచినీళ్ళు కూడా తాగవచ్చన్న సంగతి నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు కబడ్డీ ఆటలో ఒకడు తక్కువైతే డ్రిల్లు మాస్టారు నన్ను మూలన నిలబెట్టారు. అవతలి వైపు నుంచి బడి మొత్తానికి పేరున్న మొనగాడు కూతకొచ్చాడు. నేను వాడి మడమ దొరకబుచ్చుకుని కూర్చున్నాను. ఊరికే మాటవరసకి కాదు, నిజంగానే కూర్చున్నాను. వాడు కూత ఆపేసి, "సార్, లేవమనండి సార్" అని అరిచాడు. డ్రిల్లు మాస్టారు ఈల కింద పడేసుకున్నారు. సాయంత్రం నన్ను బడి పక్కన పాతపేపర్లు కొనే కొట్టుకి తీసుకెళ్ళి కాటా ఎక్కించారు. కొట్టు యజమాని "పుస్తకాల సంచితోనా, విడిగానా?" అని అడిగాడు. విడిగానే తూచారు. (ఆ అంకె ఇక్కడ రాయను. మా ఆవిడ ఇది చదువుతుంది.)

"ఒరేయ్ పూర్ణం, నీ వయసు పిల్లల జట్టుకి బరువు హద్దు ఉందిరా. నువ్వు దానికి బాగా అవతలున్నావు. దసరా సెలవులయ్యాక గుడివాడలో పోటీలు. అప్పటికి హద్దు లోపలికొచ్చావా, కుడి మూల నీదే," అన్నారు మాస్టారు. అప్పటిదాకా ఏ ఆటలోనైనా జట్లు పంచుకునేటప్పుడు నేను ఆఖర్న మిగిలేవాణ్ణి, ఒక్కోసారి అలా కూడా మిగలకుండా గోడ పక్కన సంచులకి కాపలా ఉండేవాణ్ణి. నన్ను కావాలని ఒకరు అడగడం అదే మొదలు. ఇంటికి వెళ్ళే దారంతా నాకు నవ్వు ఆగలేదు.

శ్రావణమాసం నోములని అమ్మమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. గుమ్మంలోకి రాగానే క్రీమ్ బన్ను చేతిలో పెట్టబోయింది. వద్దన్నాను.

"ఒంట్లో బాలేదా నాయనా?" అని నుదురు పట్టి చూసింది.

"బాగానే ఉంది. బరువు తగ్గాలి. మాస్టారు కాటా మీద తూచారు."

"తూచాడా? నలుగురిలోనా?" అంటూ ముందు ఉప్పు తెచ్చి దిష్టి తీసింది. ఆ తర్వాత అసలు మాట గుర్తొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "తగ్గడమేంట్రా? ఎవరి బరువనుకున్నావు అది? మొక్కు తీరేదాకా నీ ఒంట్లో పిసరంత కూడా నీది కాదు. రాములవారి సొమ్ము. అది తరిగిందంటే ఆయనకి నేనేం చెప్పుకోవాలి?"

"మరి కబడ్డీ ఎట్టా అమ్మమ్మా?"

"ఎవడో ఒక బక్కోడు దొరక్కపోడులే ఆళ్ళకి."

అమ్మ వైపు చూశాను. అమ్మ పొయ్యి వైపు చూసింది. నాన్న పేపరు ఇంకొంచెం పైకెత్తుకున్నారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పక్కనే బన్ను ఉన్నా దాని వైపు చూడకుండా ఏడ్చాను. అది చూసేసరికి అమ్మమ్మకి నిజంగా భయం వేసింది. రాత్రి దాకా నేను ఏమీ ముట్టకపోతే తనే దిగొచ్చి, "సరే, ఇక వాయిదాలొద్దు. వచ్చే శనివారమే తీర్చేద్దాం. ఆ తర్వాత నీ ఇష్టం. అప్పటిదాకా మాత్రం ఒక్క ముద్ద తగ్గినా ఒప్పుకోను," అంది. నేను లేచి అన్నానికి కూర్చున్నాను. ఆ వారమంతా దేవుడి సొమ్ము ఎక్కడ తరిగిపోతుందోనని రోజూ ఒక లడ్డూ ఎక్కువే పెట్టింది.

శనివారం పొద్దున్నే చల్లపల్లి మీదుగా బస్సులో అమ్మమ్మ ఊరికి వెళ్ళాం. మా వీధి చివర బేకరీ ఆయన కూడా స్కూటరు మీద వచ్చారు. ఆయన ముస్లిం. నాన్న ఆయన్ని భాయ్ అనేవారు, నేను మావయ్యా అనేవాణ్ణి. నా ఒంటిలో తన బేకరీ వాటా ఎంతో ఆయనకి తెలుసు కాబట్టి పిలవగానే కాదనలేకపోయారని మా నాన్న ఎగతాళి. చేతిలో పెద్ద అట్టపెట్టె ఉంది. రామాలయం మండపంలో దూలానికి ధాన్యం తూచే పెద్ద త్రాసు కట్టారు. అమ్మమ్మ బెల్లం దిమ్మలు చిన్న చిన్న బస్తాల్లో తెప్పించి పెట్టింది. ఎన్ని కావాలో లెక్క చూసుకున్నావా అని మావాళ్ళు అడిగితే, "పోయినేడు వేసవిలో ఎత్తుకుని చూశాగా. నా మనవడి బరువు నాకు తెలీదా?" అంది.

నేను పంచె కట్టుకుని ఒక తట్టలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. రెండో తట్టలో దిమ్మలు పేర్చడం మొదలుపెట్టారు. ఒక బస్తా అయింది. రెండో బస్తా అయింది. బస్తాలన్నీ అయ్యాయి. నా తట్ట మాత్రం నేలని వదల్లేదు. ఊరి జనం ముందు గుసగుసలాడారు, తర్వాత బాహాటంగానే నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తట్టలో అంత చోటు కూడా లేదు. "ఎవరి దగ్గరన్నా బెల్లం ఉంటే తెండమ్మా" అని అమ్మమ్మ కేకేసింది. ఇళ్ళల్లోంచి డబ్బాలు వచ్చాయి, అదీ చాలలేదు. పూజారి గారు త్రాసు దగ్గరికొచ్చి చూసి, "మొక్కు మధ్యలో ఆపకూడదమ్మా. తీపి అయితే చాలు, ఏదైనా వెయ్యండి," అన్నారు.

తీపి అంటే ఇక లోటేముంది? గుడి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు సగం ఖాళీ అయింది. పంచదార వేశారు. క్రీమ్ బిస్కెట్ పొట్లాలు వేశారు. చాక్లెట్ల సీసాలు, జాము సీసాలు, పాలలో కలిపే పొడి డబ్బాలు, వరసగా కూల్ డ్రింకు సీసాలు. తట్ట కదిలింది గాని లేవలేదు. అప్పుడు బేకరీ మావయ్య మొహమాటపడుతూ ముందుకొచ్చి, "పంతులుగారూ, గుడికి కదా అని గుడ్డు వెయ్యకుండా విడిగా చేయించానండీ" అని తన అట్టపెట్టె అందించారు. క్రీమ్ బన్నులు. ఆ పెట్టె పెట్టగానే నా తట్ట మెల్లగా నేల వదిలి పైకి లేచింది. బాజాలు మోగాయి. అందరూ గోవిందలు కొట్టారు.

నేను గాల్లో ఊగుతూ ఎదురుగా చూశాను. సరిగ్గా నా కళ్ళ ఎత్తులో, నాకు సరితూగి, ఇన్నేళ్ళుగా నేను తిన్నవన్నీ గుట్టగా కూర్చుని ఉన్నాయి. ఆ పొట్లాలూ, ఆ సీసాలూ, ఆ బన్నులూ అన్నీ నాకు ముఖపరిచయం ఉన్నవే. చొక్కా తొడిగితే అది నేనే. నవ్వొచ్చింది, వెంటనే కొంచెం భయం కూడా వేసింది. అమ్మమ్మ వైపు చూస్తే ఆవిడ చేతులు జోడించడం మర్చిపోయి ఒకసారి ఆ తట్టనీ, ఒకసారి నన్నూ చూస్తోంది.

"ఇదంతా నీ ఒంట్లోకి పోయిందంటరా?" అంది దగ్గరికొచ్చి, మెల్లగా. నేను తల ఊపాను. "నేనే పెట్టాను గదరా," అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నన్ను తట్టలోంచి దింపి, కొంగుతో నా మొహం తుడిచి, "రాములవారి సొమ్ము రాములవారికి ముట్టింది. ఇక నీ ఒళ్ళు నీది. పోయి కబడ్డీ ఆడుకో," అంది. తర్వాత ప్రసాదం పంచారు. ఆ పూట ఊరు ఊరంతా నన్ను పంచుకుని తింది. నేను మాత్రం చిన్న బెల్లం ముక్క కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను.

ఆ తర్వాత అమ్మమ్మ దసరా దాకా మా ఇంట్లోనే ఉండిపోయింది. ఒకప్పుడు తినమని వెంటపడ్డ మనిషి, తినకుండా కాపలా కాసింది. పాలలో పొడి పోయింది, పంచదార పోయింది, పొద్దున్నే రాగిజావ వచ్చింది. బేకరీ మావయ్య నన్ను దూరం నుంచి చూడగానే అద్దాల బీరువా మీద పేపరు కప్పేసేవారు. సాయంత్రాలు డ్రిల్లు మాస్టారు సైకిలు మీద ముందు వెళ్తుంటే నేను కాలవగట్టు మీద వెనక పరిగెత్తేవాణ్ణి. మొదట్లో మాస్టారు నా కోసం ఆగి బీడీ ఒకటి పూర్తిచేసేవారు. దసరా వచ్చేసరికి ఆయనకి వెలిగించుకునే తీరిక కూడా ఉండేది కాదు.

గుడివాడలో బరువు చూసే రోజున చొక్కా తీశాను, నడుముకున్న వెండి మొలతాడు తీశాను, బరువు ఉంటుందేమోనని ఊపిరి కూడా బయటికి వదిలేసి మిషన్ ఎక్కాను. ముల్లు హద్దుకి వెంట్రుకవాసి ఇవతల ఆగింది. డ్రిల్లు మాస్టారు నన్ను ఎత్తుకోబోయి, అంత తగ్గలేదని గ్రహించి మానుకున్నారు. ఆడిన మొదటి ఆటలోనే ఓడిపోయాం, అది వేరే సంగతి. కానీ కుడి మూలన నిలబడి ఇద్దరిని పట్టాను. నా పేరు, పూర్ణం కాదు, అసలు పేరు, మైకులో చెప్పారు.

బయటికొస్తే గేటు దగ్గర అమ్మమ్మ. పండగకి సొంతూరు వెళ్ళిన మనిషి, మనవడి ఆట చూడాలని బస్సులు మారి ఒక్కతే వచ్చింది. నన్ను దగ్గరికి లాక్కుని తల నిమిరింది, బుగ్గ పట్టుకుని చూసింది. వేళ్ళకి పెద్దగా ఏమీ రాలేదు. మెడ కింద చెయ్యి పెట్టి ఉలిక్కిపడింది. "ఈ ఎముక ఎక్కణ్ణుంచి వచ్చిందిరా నీకు? ఎంత చిక్కిపోయావురా నాయనా!" అంటూ ఒక్కసారిగా వాళ్ళ ఊరి దిక్కుకి తిరిగి, "రామయ్యా, వీడు గనక మళ్ళీ..." అని రెండు చేతులూ పైకెత్తింది. ఆ చేతులు కలిసేలోపు ఎగిరి గట్టిగా పట్టేసుకున్నాను. ఆ రోజు నేను పట్టిన మూడో పట్టు అది. విడిపించుకోలేక అమ్మమ్మ పగలబడి నవ్వింది.

ఇప్పుడు నాకు నలభై దగ్గరపడుతోంది. బ్యాంకులో కూర్చుని చేసే ఉద్యోగం, గంటకో టీ, దాని పక్కన బిస్కెట్లు. కబడ్డీ హద్దు ఎప్పుడో దాటేశాను. ఎవరూ మొక్కుకోకుండానే వచ్చిన ఒళ్ళు ఇది. మా అమ్మాయికి బిస్కెట్ పొట్లం అందకుండా పై అరలో దాచి, అది నిద్రపోయాక నేనే తింటాను. పొద్దున్నే మిషన్ ఎక్కి, అంకె చూసి, గుట్టుగా దిగిపోతాను. "చిక్కిపోయావురా" అనేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. ఆ రోజు గుడివాడలో అమ్మమ్మ చేతులు కాసేపు ఆలస్యంగా పట్టుకుని, ఆ మొక్కు పూర్తి కానిచ్చినా బాగుండేదేమో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.