అత్తిముగం సైటుకు కందాయం

అత్తిముగం ఊరివాళ్లు గొలుసు తీసుకుని వచ్చారు. భూమి కొలిచే ఇనుప గొలుసు. ఒకాయన దాన్ని చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు. ఆయన వెనక ఒక వ్యాను నిండా జనం. హోసూరు బస్టాండు వెనక సందులో బ్రౌజింగ్ సెంటరు ముందు దిగి, చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చారు. గోడవారగా ఉన్న కంప్యూటర్లను ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, అందరిలోకీ పెద్దాయన అడిగాడు.

"యాడప్పా ఉండాది మా ఊరి సైటు? చూపించు."

టమాటా ధర మళ్లీ పడిపోయిందన్న వార్తను మా పేపరుకు పంపే పనిలో నేను అక్కడే ఉన్నాను. పక్క కుర్చీలో నా స్నేహితుడు, సైట్ల బ్రోకరు. తను కొన్నదాన్ని చూడడానికి ఊరు ఊరంతా వచ్చిందనుకుని అతని మొహం వెలిగిపోయింది. తెర మీద తెల్లటి పేజీ తెరిచాడు. దాని నడుమ ఇంగ్లీషు అక్షరాల్లో అత్తిముగం అని ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

పెద్దాయన తెర చూశాడు. కంప్యూటరు వెనక్కి వంగి చూశాడు.

"ఈడ గోడే కదప్పా ఉండేది. మా కళ్లంలో యా దిక్కు తీసుకొంటివో అది చెప్పు. కొలుచుకొని పోతాము."

బ్రోకరు మొహంలో వెలుగు తగ్గింది. అదే రోజు మధ్యాహ్నం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అతనికి పని ఉంది. రాయకోట రోడ్డులో తన భార్య పేరిట ఉన్న సైటును అమ్మి, ఆ డబ్బుతో ఇలాంటి పేర్లే మరిన్ని కొనాలని ఏర్పాటు చేసుకున్నాడు. ఆమె సంతకం ఒక్కటే తక్కువ.

ఇక్కడ సైటు అన్న మాట గురించి చెప్పాలి. మా వైపు సైటు అంటే ఇంటి స్థలం. ప్లాటు అని ఎవరూ అనరు. ఫ్యాక్టరీలు వచ్చినప్పటి నుంచి రాగి చేలల్లో సున్నం పూసిన రాళ్లు లేచాయి. పెళ్లిలో, చావులో, బస్సులో, మంగలి కుర్చీలో సైట్ల మాటే. ఇద్దరు కలిస్తే ఎట్లున్నావని అడిగాక రెండో ప్రశ్న రేటు ఎంతుందనే. నా స్నేహితుడు ఆ కాలానికి తగిన మనిషి. బేరం తెలుగులో చేసేవాడు, పత్రం తమిళంలో రాయించేవాడు, కోపం వస్తే కన్నడంలో తిట్టేవాడు. పత్రం, కందాయం పన్ను కట్టిన రసీదు చూడనిదే పాదం పెట్టొద్దని కొనేవాళ్లకు చెప్పేవాడు, తనూ అట్లాగే నడిచేవాడు. అతని చేతి మీదుగా స్థలం కొని మోసపోయామన్నవాళ్లు నాకు ఎదురుపడలేదు.

అటువంటివాడు ఒకనాడు మా పేపరు ముక్క ఒకటి కత్తిరించుకుని నా దగ్గరికి వచ్చాడు. లోపలి పేజీలో వచ్చిన చిన్న వార్త. ఎక్కడో విదేశంలో ఎవరో ఇంటర్నెట్‌లో ఒక పేరు ముందే కొనిపెట్టుకుని, తర్వాత ఒక కంపెనీకి ఊహకందని ధరకు అమ్మాడట.

"ఇది నిజమా పేపరప్పా?"

"ఏజెన్సీ వార్త. నిజమే అయి ఉంటుంది."

"వెబ్ సైటు అన్నా సైటే కదా?"

"సైటే. కాకపోతే నేల ఉండదు."

పేపరు ముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేల లేకుండానే ఇంత రేటా? అయితే కంచె ఖర్చు కూడా మిగిలె."

బ్రౌజింగ్ సెంటరు ఓనరుకు బెంగుళూరులో ఒక బావమరిది ఉన్నాడు. అతని దగ్గర క్రెడిట్ కార్డు ఉంది. వీళ్లు డబ్బు ఇస్తే అతను పేరు కొని పెడతాడు. ఆ దారి తెలిశాక మా బ్రోకరును పట్టడం ఎవరి తరమూ కాలేదు. పేర్లను అచ్చం సైట్లను ఏరినట్టే ఏరాడు. డాట్ కామ్ అంటే మెయిన్ రోడ్డు అన్నాడు. డాట్ నెట్ అంటే క్రాసు. డాట్ ఆర్గ్ మురుగు మోరీ పక్కన ఉండే సైటు, ఊరికే ఇచ్చినా వద్దు. హోసూరు పేరు అప్పటికే ఎవరో తీసేసుకున్నారు. తమిళం వాళ్లు రాసేటట్టు హెచ్ లేని హోసూరు మాత్రం మిగిలి ఉంది. "హెచ్ లేకుంటే ఏమప్పా, ముందర కొంచెం ఇరుకు, లోపల వెడల్పే" అంటూ తీసుకున్నాడు. రాయకోటను తెలుగులో పలికినట్టు ఒకటి, తమిళంలో పలికినట్టు ఒకటి కొన్నాడు. రెండు రోడ్లూ కలిసే మూల సైటు కాబట్టి వదలకూడదట. జవళగిరి కొన్న రోజు అతని భార్య నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఆ అడివి పక్కన ఊరు పేరు కొనేది ఎవురయ్యా? ఏనుగులా?"

ఆమె బ్రౌజింగ్ సెంటరుకు ఎదురుగా మెస్సు నడిపేది. బాడుగ గది. వాన కురిస్తే పొయ్యి పక్కన కూడా గిన్నె పెట్టాలి. రాగిముద్ద, ఆకుకూర చారు, ఊరుబిండి పచ్చడి. డ్రైవర్లు, ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్లు, నా వంటి పేపరువాళ్లు అక్కడే తినేవాళ్లం. మెస్సు సంపాదనతోనే రాయకోట రోడ్డులో ఆ సైటు కొనుక్కుంది. ఆదివారం సాయంత్రాలు అక్కడికి పోయి, నాలుగు తెల్లరాళ్ల మధ్య నిలబడి, పొయ్యి ఈడ, చేతులు కడిగే తొట్టి ఆడ అని గాలిలో గీతలు గీసి చూపించేది. ఆమెకు ఇంకో ఆశ ఉన్నట్టు నేనెరగను.

పేర్లు కొన్న ఆ కొన్ని నెలలూ మా సందు పండగలా ఉండేది. జనం సాయంత్రం పూట తమ సైటు దగ్గరికి పోయి రాళ్లు ఉన్నాయో లేదో చూసుకుని వస్తారే, అట్లా ఇతను రోజూ వచ్చి తెర మీద తన పేర్లు తెరిచి చూసుకునేవాడు. టైర్ల షాపాయన తన షాపు పేరు ఉందేమో చూడమన్నాడు. స్వీట్ల షాపాయన మైసూరుపాకు కావాలన్నాడు. ఇంతలో కృష్ణగిరి నుంచి ఒక మామిడిపండ్ల వ్యాపారి ఫోన్ చేశాడు. గుజ్జు డబ్బాల మీద ఇంటర్నెట్ అడ్రసు ఉంటే బయటి దేశాల వాళ్లు మర్యాద ఇస్తారని ఎవరో ఆయనకు చెప్పారట. మా వాడు కొని పెట్టిన మామిడి పేరు ఒకటి ఆయనకు నచ్చింది. పెట్టినదాని మీద కొంచెం లాభం వచ్చింది. దాంతోపాటు గడ్డి పరిచిన బుట్టల్లో మల్గోవా, సేందూరా పండ్లు వచ్చాయి. మెస్సులో ఆ వారమంతా ముద్ద తిన్నవాళ్లకు పండు ఊరికే.

ఆ తీపే పని చేసింది. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా దారిలో ఉన్న ఊళ్లన్నీ కొనేయాలని అతనికి పట్టుకుంది. చేతిలో డబ్బు లేదు. రాయకోట రోడ్డు సైటు ఉంది.

"అమ్ముకో. వొద్దనలే" అందామె, చారు గిన్నె దించుతూ. బుట్టల పండ్లు చూశాక ఆమె మనసూ కొంత మెత్తబడింది. "గాని ఒక మాట చెప్పు. నీ పేర్లల్లో పొయ్యి పెట్టొచ్చునా?"

"పేర్ల రేటు పెరగనీ. పది పొయ్యిలు పెట్టిస్తాను."

ఆ ఉత్సాహంలోనే అత్తిముగం పక్కనున్న శూలగిరి సంతలో ఆ ఊరి మనిషి ఒకతను కనబడితే, "మీ ఊరి సైటు నేనే తీసుకొంటిని, మంచి రేటు వస్తాది" అని చెప్పాడు. సంతలో అన్న మాట సాయంత్రానికి ఊరు చేరింది. అత్తిముగంలో ఊరుమ్మడిగా రాగులు నూర్చుకునే కళ్లం ఒకటి ఉంది. దానికి ఎవరి పేరిటా పట్టా లేదు. ఊళ్లో పట్టా లేనిది అదొక్కటే కాబట్టి బ్రోకరు తీసుకున్నదీ అదేనని తేల్చుకున్నారు. తెల్లవారగానే గొలుసు తీశారు.

బ్రౌజింగ్ సెంటరులో అంతమందికి చోటు లేదు. తెరల ముందు కూర్చున్న కాలేజీ పిల్లలు గొలుసు చూసి, డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. అందరం ఎదురుగా మెస్సులోకి నడిచాం. వచ్చినవాళ్లు తగవుకు వచ్చారో భోజనానికి వచ్చారో ఆమె అడగలేదు. ఆకులు పరిచింది.

"భూమి కాదు పెద్దాయనా" అన్నాడు బ్రోకరు. "పేరు. ఉత్త పేరు."

"మా ఊరి పేరు నువ్వు కొన్నావా? ఎవురు అమ్మినారు నీకు?"

"అమెరికాలో ఒక కంపెనీ."

"వాళ్లు మా ఊరికి ఎప్పుడన్నా వచ్చినారా?"

"లేదు."

"రాని ఊరి పేరు ఎట్ల అమ్మినారప్పా?"

బ్రోకరు నా వైపు చూశాడు. వాళ్లలో ఒకామె ఊరుబిండి నంజుకుంటూ అడిగింది. "అయితే ఇంకమింద మేము మా ఊరికి పోవాలంటే నీకు చెప్పి పోవాల్నా?"

మెస్సంతా నవ్వింది. గొలుసు మోసుకొచ్చినాయన కూడా దాన్ని దించి గోడవార పెట్టాడు. పెద్దాయన మాత్రం వదల్లేదు. ఆయన ఎన్నో పొలాల బేరాలు చూసినవాడు. నెమ్మదిగా, వరస తప్పకుండా అడిగాడు.

"పత్రం యాడుండాది?"

"పత్రమంటూ లేదు. కంప్యూటర్లో ఉంటాది."

"కందాయం?"

"ఏటేటా కట్టాల."

"కట్టకుంటే?"

"పోతాది. ఇంగొకరు తీసుకోవచ్చు."

"సరే. ఎన్నేండ్లు కడితే అది నీ సొంతం అవుతాది?"

బ్రోకరు చేతిలో ముద్దను ఆకులో పెట్టాడు. ఇన్నేళ్లుగా ఇదే ప్రశ్న కొనేవాళ్ల తరఫున అమ్మేవాళ్లను అడిగినవాడు. తనకు తను చెప్పుకున్నట్టు అన్నాడు.

"ఎన్నేండ్లు కట్టినా కాదు. ఇది సైటు కాదప్పా. బాడుగ."

గరిటె పట్టుకుని నిలబడ్డ అతని భార్య ఆ మాట విన్నది. కోపం తెచ్చుకోలేదు. చారు పోస్తూ మామూలుగానే అంది.

"బాడుగ గది నాకు ఒకటుండాదయ్యా. కారేది. ఇంగొకటి ఎందుకు?"

ముందుగా నవ్వినవాడు బ్రోకరే. కడుపు పట్టుకుని నవ్వాడు. చేయి కడుక్కుని పక్క ఎస్టీడీ బూత్‌కి పోయి, సైటు అమ్మకం లేదని కొనబోయే ఆయనకు ఫోన్ చేసి వచ్చాడు.

తగవు అంతటితో తీరలేదు. ఊరి పేరు వెనక్కి ఇచ్చెయ్యమన్నారు అత్తిముగం వాళ్లు. ఎట్లా ఇవ్వాలో ఎవరికీ తెలియలేదు. వదిలేస్తే సరిపోతుంది కదా అని నేనన్నాను.

"వదిలితే?" అన్నాడు పెద్దాయన. "ఇంగొకరు తీసుకోవచ్చునంట కదా. శూలగిరోళ్లు తీసుకొంటే?"

ఆ మాటకు అందరూ తినడం ఆపారు. శూలగిరి చేతికి అత్తిముగం పోవడం ఎవరూ ఊహించుకోలేకపోయారు. అక్కడే, ఆకుల ముందే తీర్మానమైంది. పేరు బ్రోకరు చేతిలోనే ఉంటుంది. దాని కందాయం ఏటా ఊరి జాతర చందాల్లోంచి ఊరే కడుతుంది. బ్రోకరు ఊరిని అడక్కుండా దాన్ని ఎవరికీ అమ్మడు.

లేవబోతూ, గొలుసు మోసుకొచ్చినాయన బాధపడ్డాడు. ఇంత దూరం తెచ్చిన గొలుసును కొలవకుండా వెనక్కి తీసుకుపోవడం ఆయనకు ఇష్టం లేదు. "అమ్మా, నీ సైటు యాడుండాది?" అని అడిగాడు. మెస్సుకు తాళం వేసి, ఆమెను వ్యానులో ముందు కూర్చోబెట్టుకుని, అందరూ రాయకోట రోడ్డుకు పోయారు. నేనూ పోయాను. కొలిచి చూస్తే పక్క సైటు వాళ్ల రాయి ఆమె స్థలంలోకి జరిగి ఉంది. పక్కాయనను పిలిపించి, ఆయన కళ్ల ముందే రాయిని పెకలించి అసలు చోట పాతారు. ఆమె ఆ రాయి పక్కన నిలబడి, పొయ్యి ఎక్కడ వస్తుందో అత్తిముగం వాళ్లకు కూడా చూపించింది.

తర్వాత డాట్ కామ్‌ల గాలి తగ్గిందని మా పేపర్లోనే వార్తలు వచ్చాయి. కందాయం కట్టక అతని పేర్లు ఒక్కొక్కటే పోయాయి. హెచ్ లేని హోసూరు పోయింది. రాయకోట రెండు రోడ్లూ పోయాయి. జవళగిరిని ఏనుగులైనా కొనలేదు. అత్తిముగం మాత్రం పోలేదు. జాతర అయిన వారానికి ఆ ఊరి నుంచి ఎవరో ఒకరు వచ్చి, సైటు కందాయమని చెప్పి చందా డబ్బు ఇచ్చి, ముద్ద తిని పోతారు. చాలా ఏళ్లు తెల్లగానే ఉన్న ఆ పేజీలో తర్వాత కళ్లం బొమ్మ పెట్టారు. రాగుల కుప్ప పక్కన పెద్దాయన నిలబడి ఉంటాడు.

రాయకోట రోడ్డులో ఆమె మెస్సు లేచింది. కారదు. పొయ్యి ఆమె గీసిన చోటే ఉంది. బోర్డు రాసే పెయింటరు వచ్చి, రేకుకు తెల్లరంగు వేసి, ఏం పేరు రాయమంటారని అడిగాడు. మొదట ఇంటర్నెట్‌లో ఖాళీగా ఉన్న పేరు చూసుకుని ఆ తర్వాత రాయించాలని బ్రోకరు అన్నాడు. మొదట రాయించాలని, కొనే మాట ఎత్తితే ఊరుకునేది లేదని ఆమె అంది. పెయింటరు రెండు పూటలు కూర్చుని, భోజనం చేసి, వెళ్లిపోయాడు.

ఊళ్లోవాళ్లు దాన్ని సైటు మెస్సు అంటారు. ఆ పేరు ఇద్దరికీ నచ్చదు. మొన్న నేను పోయినప్పుడు కూడా ఆ వాదనే నడుస్తోంది. బోర్డు మీద అక్షరాల ఎత్తు కోసం పెయింటరు గీసిన పెన్సిలు గీతలు కనిపిస్తున్నాయి. వాటి మధ్య ఇంకా ఏమీ రాయలేదు.