సంగమ్మ కూర్చున్న మధ్యాహ్నం

నేను మొయినాబాద్‌లో ఒక చిన్న దవాఖానలో నర్సును. పేరు కృపాజ్యోతి. నాకు ఓపిక తక్కువని ఇక్కడ అందరికీ తెలుసు. ఆ ఉన్న కాస్తనూ మూడు రోజుల్లో సంగమ్మ తినేసింది. అబ్బబ్బ, ఒక్కచోట కుదురుగా ఉంటే ఒట్టు! మంచం చుట్టూ తిరుగుతుంది, సెలైన్ సీసా చూస్తుంది, వరండాలోకి పోతుంది, అర నిమిషంలో మళ్లీ వస్తుంది.

ఆమె భర్త యాదయ్య చేవెళ్ల మార్కెట్లో హమాలీ. పేగు మెలికపడి వస్తే ఆపరేషన్ చేసి విప్పారు. అంతా బాగానే జరిగింది గానీ, మూడో రోజుకు కూడా పేగులో కదలిక లేదు. పొట్ట డోలులా ఉబ్బింది. ముక్కులో గొట్టం, గుక్కెడు నీళ్లు కూడా తాగకూడదు. పొద్దున డాక్టర్ సమత వచ్చి, "గాలి పోయిందా?" అని అడిగింది. యాదయ్య గోడవైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

"సాయంత్రం దాకా చూద్దాం. అప్పటికీ కదలకపోతే స్కానింగ్ తీస్తం. అవసరమైతే మల్లా తెరవాలె" అంది ఆమె.

అంతే, సంగమ్మ ఫోన్ పట్టుకుని వరండాలో అందుకుంది. "మల్లా కోస్తరట! ఈసారి బతుకుతడో లేదో!" ఆ గొంతు వార్డంతా వినిపించింది.

"అవ్వా, నీకు దండం పెడత, జర మెల్లగ మాట్లాడు! ఆయన వింటలేడా?" అని కసిరాను.

ఎంకపల్లిలో పుట్టి చేవెళ్లకు కోడలుగా వచ్చిన సంగమ్మ, ముప్పై ఏళ్లుగా రోడ్డు పక్క మటన్ షాపులో బోటి, అంటే గొర్రె పేగులు, కడుగుతోంది. పని నిలబడే, తిండి నిలబడే. చేవెళ్ల నుంచి వచ్చే బస్సులో సీటు ఖాళీ ఉన్నా కడ్డీ పట్టుకునే వస్తుందట. అలాంటి మనిషి మధ్యాహ్నం డాక్టరమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"మేడం, ఒక్క మాట. గొర్రెను కోసి, తలకాయ పక్కకు పెట్టి, పేగులు నా బేసిన్ల ఏస్తరు. అయినా అవి జరసేపు కదులుతనే ఉంటయి. వేలుతోని ఒత్తితే వెనక బిగుస్తది, ముందట వదులైతది. సచ్చినదానివే కదులుతయి, మా ఆయన బతికే ఉన్నడు గద! ఆయనవి ఎందుకు కదులుతలేవు?"

పక్కకు జరుపుదామని నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. డాక్టర్ మాత్రం ఫైలు మూసి ఆమెవైపు తిరిగింది.

"పేగు గోడ లోపలనే దానికి సొంత నరాలుంటయమ్మా. తిండిని ముందుకు తోసేది అవే. దానికి తలకాయ హుకుం అక్కర్లేదు. కానీ వెన్నుదిక్కు నుంచి ఇంకొన్ని నరాలు వస్తయి, అవి బ్రేకు. మెలిక విప్పుతందుకు మేం పేగును చేతుల్లకు తీసుకున్నం కద, ఆ బ్రేకు పడ్డది. నొప్పి ఉన్నా, భయపడ్డా ఇంకా గట్టిగ పడతది. సచ్చిన గొర్రెకు భయమేమున్నది చెప్పు."

సంగమ్మ లోపలికి వెళ్లి మళ్లీ మంచం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. నేను అరవబోయేలోపే యాదయ్య నోరు విప్పాడు.

"ఏమే, జర కూసో. నువ్వు తిరుగుతుంటే నా గుండె దడదడ కొట్టుకుంటున్నది. నాకు భయమైతున్నదే."

సంగమ్మ ఆగిపోయింది. స్టూలు లాక్కుంది. కూర్చుంది.

ఆ కూర్చోవడం చూడాలి! మోకాళ్లు ఆడుతున్నాయి, వేళ్లు కొంగును బోటిలా తిప్పి తిప్పి కడుగుతున్నాయి. కాసేపటికి కొంగు వదిలేసి ఆయన చెయ్యి పట్టుకుంది.

"షాపుల బోటి ఇప్పుడు మా సేటు సంగయ్యే కడుగుతున్నడట. సగం పేడ అట్లనే ఉంటదేమో! తిన్నోళ్లు వాన్ని తిట్టకుంటే అడుగు."

"నవ్వియ్యకే, కుట్లు గుంజుతున్నయి" అన్నాడు యాదయ్య. మూడు రోజుల్లో మొదటిసారి ఆయనకు కునుకు పట్టింది. ఫోన్ మోగినా ఆమె తీయలేదు. చాయ్ తెమ్మంటావా అంటే కళ్లతోనే వద్దంది. రెండు గంటలు ఆ చెయ్యి కదపలేదు.

కూర్చున్నందుకే పని జరిగిందని నేనను. పొద్దున నేను నడిపించిన నడకుంది, మందులున్నాయి, గడిచిన టైముంది. నాలుగున్నరకు పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టాను. ఏమీ లేదు. ఇంకో పక్కన పెట్టాను. అక్కడా లేదు. మూడోచోట పెట్టి నిమిషం ఆగితే, సన్నగా గుడగుడ.

స్టెతస్కోప్ తీసి ఆమె చెవులకు పెట్టాను.

"కదులుతున్నది బిడ్డా" అంది, గుసగుసగా. ఆమెకు గుసగుస వచ్చని అప్పుడే తెలిసింది.

ఇంకాసేపటికి యాదయ్య ఉలిక్కిపడి లేచి, సిగ్గుతో దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. పక్క మంచమాయన ముక్కు మూసుకున్నాడు. ఆ కంపుకు అంత సంతోషపడ్డది నేనొక్కదాన్నే కాదు. అయిదింటికి డాక్టర్ వచ్చి పొట్ట నొక్కి చూసి, "స్కానింగ్ వద్దు. రాత్రికి చెంచా చెంచా నీళ్లియ్యండి" అంది.

"ఇగ లేవొచ్చునా మేడం?" అని అడిగింది సంగమ్మ.

లేచింది గానీ కాళ్లు తిమ్మిరెక్కి నిలబడలేకపోయింది. పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లాను. అక్కడ నా భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"మూడు రోజులసంది ఎందుకు తిరిగిననో ఎరికేనా బిడ్డా? కూసుంటే ఆయన ముందల ఏడుస్తనని."