నంబరు చెరిగిన బండి

మా ఆవిడ ఎడమ కాలు మోకాలి దగ్గర వంగదు. చాలా ఏళ్ల కిందట ఓ వానాకాలంలో మెట్ల మీద జారి పడితే చిప్ప నుజ్జయింది. ఆపరేషన్ చేసి ఎముకలు కలిపి బిగించేశారు. నడుస్తుంది, గంటల తరబడి నిలబడుతుంది, లాలాపేట్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో పిల్లలకి తెలుగు చెబుతుంది. చిక్కంతా కూర్చోవడంతోనే. కర్రలా చాచిన కాలు ఆటోలో పట్టదు, బస్సు మెట్టు ఎక్కదు. రోజూ క్యాబ్ అంటే బడి వాళ్లిచ్చే జీతం మొత్తం క్యాబ్‌కే సరి. ఆవిడ నాచారంలో ఇల్లు దాటి బడికి చేరాలంటే నా వంద సీసీ బండి ఒక్కటే దిక్కు.

ఆ బండి కొన్నప్పుడే చవక రకం. పాతబడ్డాక ఇంక చెప్పేదేముంది! "ఏంది మామా, గీ రేకు డబ్బాను ఎన్నడు మారుస్తవ్?" అని నేను పనిచేసే షెడ్డులో రోజూ వెక్కిరింతే. వెక్కిరించనీ. వాళ్ల కొత్త బళ్ల మీద మా ఆవిడ కూర్చోలేదుగా!

కూర్చునేలా చేసింది మా మెకానిక్. నాచారంలో ఒక రేకుల పంచ కింద కొట్టు పెట్టుకున్నాడు. కాలి సంగతి చెబితే, ఆవిణ్ణే తీసుకురమ్మన్నాడు. బండి వెనక కూర్చోబెట్టి, కాలు ముందుకి చాపించి, మడమ ఎక్కడికి వస్తుందో సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. ముందున్న లెగ్ గార్డుకి ఓ పైపు అతికించి, చివర దోసిలి లాంటి గిన్నె వెల్డింగ్ చేసి, లోపల స్పాంజీ పెట్టి రెక్సిన్ కుట్టించాడు. "వదినా, మడమ గీడ పెట్టు. జర గట్టిగ ఒత్తు. కదుల్తుందా? కదలది. ఇగ ఫికర్ జెయ్యకు" అన్నాడు. వీపు ఆన్చుకోవడానికి వెనక ఒక కమ్మీ కూడా వేశాడు. చీరతో కుదరదని ఆవిడ ఆ వయసులో చుడీదార్లు మొదలుపెట్టింది. మొదటి రోజు బడి గేటు దగ్గర దిగి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. నాకు అంత ఆనందం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

అప్పట్నుంచి బండి ఆగిపోకుండా చూడటమే నా పని అయింది. ఆదివారం వస్తే ఉప్పల్ వెళ్లి స్పేర్ పార్టుల కొట్ల ముందు నిలబడేవాణ్ణి. బడికెళ్లే రోడ్డు మీది దుమ్ముకీ గుంతలకీ ఏ సామాను మన్నుతుంది, నా బొంద! చెయిన్లు మారాయి, చక్రాలు మారాయి, హ్యాండిల్ మారింది, ట్యాంకు మారింది. ఓసారి ఇంజన్ కేసు పగిలి ఆయిలంతా కారిపోతే, తుక్కులోంచి అదే రకం బండిది తెచ్చి బిగించాం. అడిగినవాడు లేడు, మేం చెప్పిందీ లేదు. బండి మళ్లీ నడిచింది, ఆవిడ బడికి వెళ్లింది.

తర్వాత బండి ఇనప చట్రానికి, అదే ఛాసిస్‌కి తుప్పు పట్టింది. ఒక వానకి మా సందులో నీళ్లు నిలిచి, బండి సీటు దాకా మునిగింది. నాకు ఎంత దిగులుగా ఉందో చూసి, షెడ్డులో నన్ను ఏడిపించిన వాళ్లే ముందుకొచ్చారు. మేం చేసేది పౌడర్ కోటింగ్. ఇనప సామాను మీద గాలి ఒత్తిడితో సన్న గుళ్లు కొట్టి తుప్పు రాల్చి, రంగు పొడి చల్లి, పొయ్యిలో కాలుస్తాం. "బండిని ఇప్పి పట్కరా మామా, మనం ఉండంగ గదేం బాధ" అన్నారు. సెలవు రోజున వచ్చి, బోల్టు బెజ్జాలన్నీ బిరడాలతో మూసి, పని మొదలుపెట్టారు. హ్యాండిల్ కింద మెడ భాగం తుప్పు తిని గరుకుగా ఉంది. మా పనిలో గరుకు అంటే తప్పు. చేతికి తగిలిందంటే సరుకు తిరిగొస్తుంది. అందరికన్నా పనితనం ఉన్నవాడు దాన్ని ఓపిగ్గా అరగదీసి, వేడికి తట్టుకునే లప్పం పట్టించి, అద్దంలా చేశాడు. దాని మీద నల్ల రంగు రెండు పూతలు. పొయ్యిలోంచి దించాక అందరం మెడ మీద వేళ్లు ఆన్చి చూశాం. ఒక్క గీత తగల్లేదు. మా ఆవిడైతే దాన్ని చూసి, "మన బండేనా ఇది!" అంది.

బండికి పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే బండిని ఆర్టీఏ ఆఫీసుకి తీసుకెళ్లి చూపించాలి. కొత్త బ్రేకులు, కొత్త లైటు, కడిగి తుడిచి పెళ్లికొడుకులా తీసుకెళ్లాను. కాలి గిన్నె చూసి ఏమంటారోనని దాన్ని మాత్రం ముందే విప్పేశాను. తనిఖీ చేసే ఆయన లైటు చూశాడు, హారన్ కొట్టాడు, బాగుందన్నాడు. తర్వాత మెడ మీద ఒక తెల్ల కాగితం ఆన్చి పెన్సిల్‌తో రుద్దాడు. మెడ మీద చెక్కి ఉండే ఛాసిస్ నంబరు అచ్చు అలాగే తీసుకుంటారు. కాగితం నల్లబడిందే గానీ ఒక్క అంకె పడలేదు. ఇంకో కాగితం పెట్టి రుద్దాడు. అదీ అంతే.

"ఏందన్నా ఇది? నంబరేది?"

కోటింగ్ కింద ఉందని చెప్పాను. గోకి చూపించమన్నాడు. మెకానిక్ కొట్టుకి తెచ్చి మందు పూసి రంగు వలిచాం. రంగు పోయింది, లప్పం పోయింది, కింద నునుపైన ఇనుము. ఒక మూల సున్నా లాంటిదేదో కనిపించింది. అది సున్నానో తుప్పు మచ్చో మెకానిక్ కూడా చెప్పలేకపోయాడు. అరగదీసిన మిత్రుడు మర్నాడు షెడ్డులో నా ముఖం చూడలేక బయటికి వెళ్లిపోయాడు. వాణ్ణి ఏమనగలను? ప్రేమతోనే చేశాడు. అలా చేసినందుకు వాడికి బిర్యానీ కూడా తినిపించాను.

మళ్లీ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి పెద్ద ఆఫీసరు మంచివాడే, కూర్చోమన్నాడు. నంబరు మళ్లీ కొట్టించడానికి దారి ఉందనీ, కనీసం ఇంజన్ నంబరైనా రికార్డుతో కలవాలనీ చెప్పాడు. కేసు మార్చామని చెప్పాల్సి వచ్చింది. ఇంజన్ నంబరుండేది ఆ కేసు మీదే, అది ఏ తుక్కు బండిదో! "ఛాసిస్ మీద నంబర్ లేదు, ఇంజన్ నంబర్ వేరేది. ఇది నీ బండే అని నన్నెట్ల రాయమంటవ్ చెప్పు" అన్నాడు. రోజూ నా చేత్తో తుడిచిన బండి నాదేనని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. కాళ్లరిగేలా తిరిగాను. ఎక్కడా పని కాలేదు.

"మనమే నంబర్ పంచ్ కొడ్దాం అన్నా, ఎవనికి ఎర్క?" అన్నాడు మెకానిక్. ఆశ పడ్డాను, దాచుకోవడం దేనికి! ఇంటికొచ్చి చెబితే ఆవిడ వద్దంది. "పిల్లలకి పాఠం చెప్పేదాన్నండీ" అంది, అంతే.

గిన్నె మళ్లీ బిగించుకుని, కొన్నాళ్లు సందుల వెంట దొంగల్లా తిరిగాం. ఓ పొద్దున లాలాపేట్ ఫ్లైఓవర్ దగ్గర కానిస్టేబుల్ ఆపాడు. కాగితాలు చూశాడు, చాచి ఉన్న ఆవిడ కాలు చూశాడు, నిట్టూర్చాడు. "మేడంను చూసి ఇడుస్తున్న. ఇంకోసారి కనబడ్డదంటే బండి గుంజుకుంటం" అన్నాడు. అవతలి ఫుట్‌పాత్ మీద బడి పిల్లలు నిలబడి చూస్తున్నారు. ఆ సాయంత్రం ఆవిడే అమ్మేయమంది.

ఇంకో బండి కొని దానికి గిన్నె బిగిద్దామని మెకానిక్‌ని పట్టుకున్నాను. ఈసారి తల అడ్డంగా ఊపాడు. "ఇప్పటి బండ్లకు అన్ని సన్న పైపులు అన్నా, పాతయి అన్ని తుప్పు తిన్నయి. ఒక్క గుంతల పడ్డదంటే వదిన కాలు ఖతం. నేన్ జెయ్య, ఇంకెవ్వనితోని జేపియ్యకు." బతిమాలాను, కోప్పడ్డాను. వాడి మొహంలో భయం చూశాక ఆ మాట వదిలేశాను.

కాగితాలు చెల్లని బండిని మౌలాలిలో రైలు పట్టాల వెనక తుక్కు కొట్టువాడు ఒక్కడే తీసుకుంటానన్నాడు. ఆవిడ కూడా వస్తానంది. "చివరిసారి కదా, కూర్చుంటాను" అంది. అమ్మడానికని విప్పిన గిన్నె మళ్లీ బిగించి తీసుకెళ్లాను.  కొట్టువాడు బండిని తూకం మీద పెట్టి, మా కళ్లముందే గ్యాస్ మంటతో మెడ కోయించాడు. నంబరు లేనిది ఉంచుకుంటే తనకి పోలీసు కేసట. డబ్బు జేబులో పెట్టుకుని బయటికొచ్చాం. అప్పుడు తెలిసింది, ఆవిడ ఇంటికి ఎలా వెళ్తుందో ఇద్దరిలో ఒక్కరం కూడా ఆలోచించలేదని.

వాన మొదలైంది. ఆ సందులోకి రామని క్యాబ్‌లు కాన్సిల్ చేశాయి. ఆటో ఒకటి ఆగితే ఆవిడ ఎక్కబోయింది, కాలు బయటే ఉండిపోయింది, అతను చేతులెత్తేశాడు. చివరికి కొట్టువాడే జాలిపడి తుక్కు మోసే ట్రాలీ ఆటో ఇచ్చాడు. నేనూ అతనూ కలిసి ఆవిణ్ణి పైకి ఎత్తాం. తడి రేకు మీద గోనె సంచీ పరిచి, కాలు చాపుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని కమ్మీ పట్టుకున్నాను.

నాచారం చేరుతుంటే చున్నీ తల మీదికి లాక్కుని, "సందు మొదట్లోనే దింపమనండి, నడుస్తాను" అంది. దించాం. వానలో నా భుజం పట్టుకుని కొంతదూరం నడిచి ఆగింది.

"ఇంక నన్ను ఎక్కడికీ తీసుకెళ్లమని అడగను లెండి" అంది. కోపంగా అనలేదు, నన్ను ఊరడిస్తున్నట్టు అంది.

ఇప్పటిదాకా అడగలేదు.