చీపురు పుల్లల గూడు

గంగామణి చేతులు ఊరికే ఉండవు. ఆర్మూర్‌లోని తన ఇంటి అరుగు మీద చాట ఒడిలో పెట్టుకుని కూర్చుంటే, మాట్లాడుతూనే తునికాకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేస్తుంది. చూపు బీడీ మీద ఉండదు. పెళ్లికి ముందు తల్లి పక్కన కూర్చుని నేర్చుకున్న పని అది.

2008లో ఆమె భర్త రాజేశ్వర్ షార్జాలో తోటపని మానుకుని వచ్చేశాడు. వస్తూ హైదరాబాద్‌లో ఒక చిన్న చిలుకను కొన్నాడు. రామచిలుక కంటే పొట్టిది, రొమ్ము బూడిద రంగు. దాని జాతి దక్షిణ అమెరికాది. తంబాకు ఘాటు తగలకుండా గంగామణి దాని పంజరాన్ని అరుగుకు అవతలి చివర వేలాడదీసింది. అది అరుస్తుంటే తనకు తోడు దొరికినట్టే ఉండేది ఆమెకు.

వానలు పోయేసరికి చిలుక తన రొమ్ము ఈకలు తానే పీక్కోసాగింది. గింజలు ముట్టడం తగ్గించింది. చర్మం ఎర్రగా బయటపడింది. ఆ ఊళ్లో ఎవరైనా చేసేదే గంగామణీ చేసింది. వేల్పూర్‌లో ఉండే తన అన్న ఇచ్చిన పసుపు కొమ్ము అరగదీసి పుండుకు పట్టించింది.

పక్కింటి భాగ్యవ్వ పంజరంలోకి తొంగి చూసింది.

"ఏమే గంగామణీ, పెండ్లిపిల్లను చేసినవా? పిలగాడు యాడోడు?"

"నవ్వకు అవ్వా. మల్ల పీక్కుంటదేమోనని నాకు బుగులైతున్నది."

పుండు ఎండింది. మరునాడే చిలుక మళ్లీ పీక్కుంది. పశువుల డాక్టర్ చూసి రోగమేమీ కనబడటం లేదన్నాడు.

"గిట్లయితే బతకదే," అన్నాడు రాజేశ్వర్.

ఒకరోజు ఆమె పంజరం కింద ఊడుస్తుంటే, చిలుక ముక్కు బయటికి చాపి చీపురులోంచి ఒక పుల్ల లాక్కుంది. రాజేశ్వర్ తీయబోయాడు.

"ఆగు, గుంజకు," అంది ఆమె.

చిలుక ఆ పుల్లను కొరికి, రెండు ఊచల నడుమ దూర్చి, కొసను వెనక్కి మడిచింది. ఆమె ఇంకో పుల్ల అందించింది. దాన్ని మొదటి దాని మీదుగా దూర్చింది.

"షార్జాల గివే చిలుకలు దీపాల స్తంభాల మీద పుల్లలతోని గూళ్లు కట్టేటియి," అన్నాడు రాజేశ్వర్. "వాటి దేశంల చెట్ల మీద గట్లనే కడ్తయంట. ఒక్క గూట్లనే మస్తు అర్రలు, దేని దర్వాజ దానిదే."

"గా ముచ్చట ముందుగాల చెప్పద్దా? దీనికి రోగం లేదయ్యా. పని లేదు."

ఆ రోజు నుంచి బీడీల చాట ముందేసుకునే ముందు ఆమె గుప్పెడు వేప పుల్లలు, చీపురు పుల్లలు పంజరంలో వేసేది. చిలుక సాయంత్రం దాకా అల్లేది. వదులుగా కుదిరితే విప్పి మళ్లీ అల్లేది. గంగామణి తన చుట్టుడు ఆపి మరీ చూసేది. చలికాలంలో దాని రొమ్ము మీద బూడిద రంగు నూగు మొలిచింది.

"నీకు దండం పెట్టాలె," అన్నాడు రాజేశ్వర్.

"నాకెందుకు? పొరకకు పెట్టు. దాని పుల్లలు సగం దీనికే పాయె."

అతడు బజారుకు వెళ్లి రెండు చీపుర్లు తెచ్చాడు. ఒకటి మూలకు పెట్టాడు. రెండోదాని కట్టు విప్పి, పుల్లలన్నీ పంజరం పక్కన పేర్చాడు.