తాసిల్దారు కాలూ మా అవ్వ నడుమూ

మా అవ్వ నాగరత్నమ్మ చిత్తూరులో ముప్పై ఏళ్లు చింతపండు కొట్టింది. మండీ నుంచి బుట్టల్లో వచ్చే చింతకాయల పెంకు ఒలిచి, చిన్న సుత్తితో గింజ రాలగొట్టి, పండు వేరు చేసి పంపడం ఆమె పని. కూర్చుని చేసే పనే కదా అని ఎవరైనా అంటే ఒళ్లు మండేది. "నువ్వూ కూసోని సూడు, నడుము యాడుండాదో తెలుస్తాది" అనేది.

ఆమె పెంచిన కుక్కపిల్ల పేరు తాసిల్దారు. పొద్దస్తమానం గడప మీద పడుకుని, ఎవరైనా వస్తే ఒకసారి తలెత్తి చూసి మళ్లీ పడుకునేవాడని ఆమే ఆ పేరు పెట్టింది. 1982 ఎండాకాలంలో, వాడికి ఆరు నెలలప్పుడు, మామిడికాయల ఎద్దుబండి చక్రం వాడి వెనక ఎడమకాలి మీదుగా పోయింది.

మా వైపు ఎముక విరిగితే మొదట గుర్తొచ్చేది ఆసుపత్రి కాదు, కట్టు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, పాతగుడ్డ, వెదురుబద్దలు. ఆ కట్టు అవ్వకు వచ్చు. మా నాయన చెయ్యి, పక్కింటి దేవకమ్మ కొడుకు మోచెయ్యి ఆమె అతికించినవే. అదే ధీమాతో రెండు గుడ్లు పగలగొట్టి తాసిల్దారుకూ కట్టింది.

"అవ్వా, గుడ్డు వాసనకు వాడు ఊరుకుంటాడా?" అన్నాను.

"నీ మాదిరి తిండిపోతు కాదులే వాడు" అంది.

తెల్లారేసరికి కట్టు లేదు. పసరు, గుడ్డ, ఆఖరికి బద్దల చివర్లు కూడా నమిలేసి, మూతి నాక్కుంటూ కూర్చున్నాడు. రెండోసారి కట్టింది. తిన్నాడు. మూడోసారి పైన వేపాకు నూరి పూసింది. వేపాకు ఉన్నచోటు వదిలేసి మిగతాది తిన్నాడు.

"ఇన్నేండ్లల్లో కట్టు తిన్నోణ్ణి నేను సూడలేదే!" అని అవ్వ కూలబడింది. అప్పటికి వారం గడిచింది. కాలు బూరెలా ఉబ్బింది. వాడు అన్నం ముట్టడం మానేశాడు.

దేవకమ్మ గోడ మీంచి తొంగిచూసి, "అక్కా, తిరుపతిలో పశువుల పెద్దాసుపత్రి ఉండాది. ఆడికి ఎత్తుకోని పో. ఆలస్యమైతే కాలు కోసేస్తారు" అంది.

ఆ మాటకు అవ్వ లేచింది. వాణ్ణి పాత చీరలో చంటిబిడ్డలా చుట్టుకుని బస్సెక్కింది. వెనకే నేను.

కండక్టరు వంగి చూశాడు. "ఏమ్మా, బిడ్డకు ఎన్నేండ్లు?"

"ఆర్నెల్లు నాయనా. కాలిరిగింది."

"మొగపిల్లోడా?"

"ఊ" అంది అవ్వ. అంతలో బిడ్డ మొరిగాడు. బస్సంతా ఒకటే నవ్వు.

"నీ మనవడు బాగనే ఉండాడు గానీ, వెనక సీట్లోకి పోమ్మా. ఎవుర్నన్నా కరిస్తే నా ఉద్యోగం పోతాది" అన్నాడు కండక్టరు.

తిరుపతి దాకా అవ్వ ఒళ్లో బరువు కదపలేదు. దిగేసరికి ఆమె కాళ్లు తిమ్మిరెక్కి, కుంటుతున్నది కుక్కా, అవ్వా అన్నట్టుంది.

డాక్టరు కాలు చూసి, "ఇంకో నాలుగు రోజులైతే తీసేయాల్సి వచ్చేది" అన్నాడు. మత్తిచ్చి, ఎముకలో ఇనుప కమ్మి వేసి, కుట్లు వేసి, సిమెంటు కట్టు కట్టాడు. ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపనివ్వకూడదన్నాడు. కట్టు విప్పాక నడిపించాలన్నాడు. అవ్వ మొదటి మాట మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఈసారి కట్టు కొరక్కుండా, అడుగు కోసిన చింతపండు బుట్ట వాడి మెడకు తొడిగింది. తాడు ఒక కొస వాడికి, ఇంకో కొస తన కాలి బొటనవేలికి. వాడు కదిలితే ఆమె సుత్తి ఆపేది. రోజుకు ఐదారుసార్లు వాణ్ణి ఎత్తుకుని మూడు మెట్లు దిగి, పెరట్లో పని కానిచ్చి, మళ్లీ ఎత్తుకుని ఎక్కేది. వాడేమో పెరిగే వయసులో ఉన్నాడు. వారం వారం బరువెక్కాడు. అవ్వ వారం వారం వంగింది. సుత్తి చేతిలో ఉండగానే కునుకు తీసేది. నేను ఎత్తుకుంటానంటే, "నీకు చెంబు మొయ్యడమే రాదు" అనేది.

ఆరు వారాలకు మళ్లీ తిరుపతి పోతే కట్టు విప్పారు. తాసిల్దారు కాలు కింద పెట్టలేదు. పొట్టకు ఆనించుకుని, అవ్వ వైపు చూసి కుయ్‌మన్నాడు. ఆమె ఎత్తుకుంది.

డాక్టరుకు కోపం వచ్చింది. "ఎముక అతుక్కుందమ్మా. ఇంకా ఎత్తుకుంటే కండ ఎండిపోతుంది. కాలుండీ లేనట్టే అవుతుంది."

ఇంటికొచ్చి అవ్వ ఇక వాణ్ణి ఎత్తుకోనని ఒట్టు పెట్టుకుంది. వాడు గడప దగ్గర కుయ్‌మంటే చెవులు మూసుకునేది. కాసేపటికి చెవులు వదిలి కుక్కను పట్టుకునేది.

"డాక్టరేమన్నాడు?" అని నేను అడిగితే, "ఆయన్ని ఈడికొచ్చి వీని ఏడుపు ఇనమను" అనేది. పది రోజులు ఇదే వరస. వాడి ఆ కాలి తొడ నా మణికట్టంత సన్నబడింది.

ఒక మధ్యాహ్నం బుట్ట జరపబోయి వంగిన అవ్వ, వంగినట్టే ఆగిపోయింది. నడుము పట్టేసింది. ఎట్లాగో గోనెపట్టా మీద పడుకుంది. కాసేపటికి తాసిల్దారుకు పెరటి అవసరం వచ్చింది. కుయ్‌మన్నాడు. మొరిగాడు. ఆమె కొంగు పట్టి లాగాడు.

"లేయలేను నాయనా. ఒట్టు, లేయలేను" అంది. కంటి కొసన నీళ్లు.

నేను వాణ్ణి ఎత్తుకోబోయాను.

"అమ్మీ, కూసో" అంది.

కూర్చున్నాను. వాడు ఆమె చుట్టూ మూడు కాళ్లతో తిరిగాడు. గడప దాకా గెంతాడు. మొదటి మెట్టు అట్లాగే దిగాడు. రెండో మెట్టు మీద తూలి, పడబోయి, నాలుగో కాలు ఆనించాడు. కెవ్వుమన్నాడు గానీ తీయలేదు. మెల్లగా, ఒక్కొక్క అడుగే పెరట్లోకి పోయాడు.

"మోపినాడా?" అంది అవ్వ, తల తిప్పలేక.

"మోపినాడు."

"నాలుగూనా?"

"నాలుగూ."

ఆమె కళ్లు మూసుకుంది. ఆ తర్వాత వీధంతా, "వాణ్ణి నడిపించేదానికి కావాలనే పండుకుంటి" అని చెప్పుకుంది. మూడు రోజులు పెరట్లోకి నా భుజం పట్టుకునే పోయిందని నేనెవరికీ చెప్పలేదు.

ఆ పూట మాత్రం నోరు తెరిచి, దీపాలు పెట్టేదాకా నిద్రపోయింది. మండీ మనిషి వచ్చి పిలిస్తే కూడా లేవలేదు. మిగిలిన కాయలు నేనే కొట్టాను. మర్నాడు అవ్వ పడుకున్నచోటి నుంచే ఆ పండంతా చేత్తో తడిమి, నేను వదిలేసిన గింజలు ఒక్కొక్కటే ఏరి నా మీద విసిరింది.